నిలబడి కత్తిరించే బల్ల

లేవకూడదట. మొదటి సీసా రక్తం తీసుకుని, ఏదో మందు ఎక్కించి, మోచేతి మడతలో సన్నటి గొట్టం అలాగే ఉంచి దాని మీద ప్లాస్టరు అంటించి, అరగంటకి ఒకసారి, ఆ తర్వాత మరో అరగంటకి ఇంకోసారి తీస్తాను, అంతవరకూ కుర్చీలోంచి లేవకండి ఆంటీ అని చెప్పి రక్తం తీసే అమ్మాయి పక్క గదిలోకి వెళ్లిపోయింది. నాకు నవ్వొచ్చింది. ఏడాదిగా నేను చేస్తున్న పని అదొక్కటే కదా తల్లీ, లేవకపోవడం. అందులో నాకు ఎవరూ శిక్షణ ఇవ్వనక్కర్లేదు. పొద్దున మంచం దిగే ముందు కాళ్లతో బేరమాడాలి, కాళ్లు ఒప్పుకుంటే నడుం ఒప్పుకోదు, రెండూ ఒప్పుకుని లేచి నిలబడితే గది పక్కకి ఒరిగి కళ్ల ముందు చీకటి కమ్ముతుంది, గోడ పట్టుకుని అది సర్దుకునేదాకా ఆగాలి. చెప్తే అందరికీ ఉండేదే అంటారు. అందరికీ ఉండేదైతే అందరూ గోడలు పట్టుకుని ఎందుకు నడవడం లేదని అడగాలనిపిస్తుంది, కాని అడగడానికీ ఓపిక కావాలి. ఎదురుగా గోడగడియారం, దాని కింద చేతులు కడుక్కోమని రాసిన కాగితం, కిటికీలోంచి చూస్తే ఆగి ఉన్న కార్ల కప్పులు. మూత్రపిండాల మీద టోపీల్లా రెండు చిన్న గ్రంథులు ఉంటాయట, అవి పని మానేశాయేమోనని డాక్టరమ్మకు అనుమానం. ఇప్పుడు ఎక్కించింది వాటిని తట్టే మందు. బాగున్నవైతే రక్తంలోకి తమ సరుకు పంపుతాయి, చెడినవైతే ఎంత తట్టినా పలకవు. ఈ కుర్చీలో కూర్చున్న ప్రతివాళ్లూ ఏ తేడా ఉండకూడదని మొక్కుకుంటారు కాబోలు. నేను మాత్రం పలకొద్దు, పలకొద్దు అని వాటిని బతిమాలుతున్నాను. నాకు జబ్బు ఉండాలి. పేరున్న జబ్బు, మందున్న జబ్బు, వేలు పెట్టి ఇదిగో ఇందుకే అని చూపించగలిగే జబ్బు.

ఆ అమ్మాయి తెల్లకోటు ఎడమ భుజం దగ్గర ముడత పడుతోంది. చూడకూడదనుకున్నా చూపు అక్కడికే పోతుంది, కోటుకి చేయి అతికించినవాళ్లు గుండ్రం తిరిగే చోట తొందరపడ్డారు. మనుషుల మొహాలు మర్చిపోతాను గాని భుజాలు మర్చిపోను. డాక్టరమ్మకు కుడి భుజం కాస్త కిందికి ఉంటుంది, చేతిసంచీ ఎప్పుడూ అటే తగిలించుకుంటుందని మొదటిసారి చూసినప్పుడే పట్టేశాను. ఆమె నాలో పట్టుకున్నది వేరు. నా అరచేతులు తిప్పి గీతలు చూస్తుంటే జాతకం చెబుతుందేమో అనుకున్నాను. ఈ గీతలు ఎప్పటినుంచి నల్లబడ్డాయి అంది. చిగుళ్లు చూసింది, మోచేతులు చూసింది, పడుకోబెట్టి ఒకసారీ నిలబెట్టి ఒకసారీ బీపీ చూసింది, చివరికి ఉప్పు తినాలనిపిస్తుందా అని అడిగింది. అంతవరకూ బుద్ధిగా జవాబులు చెప్పినదాన్ని ఆ ప్రశ్నకు ఏడ్చేశాను. వంటింట్లో ఎవరూ లేనప్పుడు డబ్బా మూత తీసి అరచేతిలో ఉప్పు పోసుకుని నాకడం నాకొక్కదానికే తెలిసిన సంగతి, ఇంట్లో తెలిస్తే పిచ్చి అంటారని మూతి తుడుచుకుని మరీ బయటికి వచ్చేదాన్ని. ఈవిడ నన్ను ఎన్నడూ చూడనిది, నా దొంగతనం నాకే చెప్తోంది. అంటే నాలాగే ఇంకెవరో ఎక్కడో వంటింట్లో నిలబడి ఉప్పు నాకారన్నమాట, వాళ్లని ఎవరో నమ్మారన్నమాట.

భుజం అంటే గుర్తొస్తుంది, వద్దన్నా గుర్తొస్తుంది, ఆ గళ్ల కోటు. గళ్ల బట్టని మడత పెట్టి రెండు పొరలూ ఒకేసారి కత్తిరించకూడదు, పైపొర గీత కింది పొర గీతతో కలవదు. ఒక్క పొరగా పరిచి ఒక చేయి కత్తిరించాక కాగితం నమూనాని బోర్లా తిప్పి రెండో చేయి కత్తిరించాలి. తిప్పడం మర్చిపోతే రెండూ ఒకే వైపు చేతులు వస్తాయి. ఇది కొత్తగా నేర్చుకునేవాళ్లు ఒకసారి చేసి, తిట్లు తిని, జన్మలో మళ్లీ చేయని తప్పు. నేను తిప్పలేదు. తిప్పాననే అనుకున్నాను, ఇప్పటికీ తిప్పినట్టే గుర్తు, కాని బల్ల మీద రెండు ఎడమ చేతులు పక్కపక్కన పడి ఉన్నాయి, ఎంత జరిపినా ఒకదానికొకటి జత కావు. ఎంత చక్కగా కత్తిరించానో, అంచు ఎక్కడా వణకలేదు. గిరాకీ తెచ్చిన బట్ట అంతే, పిసరు మిగల్లేదు. మా వదిన ఆ రెండు ముక్కలూ చూసింది, నన్ను చూసింది. తిట్టి ఉంటే బాగుండేది. నా చేతిలోంచి కత్తెర తీసుకుని, కాసేపు పడుకోపో అంది. ఆ కాసేపు ఇంకా అయిపోలేదు.

వదినంటే మా ఆయన అక్క. దుకాణం మా మామగారిది, ఆయన పోయాక మా ఇద్దరిదీ అయింది, ఆమె కుడుతుంది, నేను కత్తిరిస్తాను. పెళ్లయి వచ్చిన కొత్తలో మామగారు మా ఇద్దరి చేతులూ కాసేపు పరిశీలించి, కూతురికి మిషను, కోడలికి కత్తెర అని తేల్చేశారు. వదిన దానికి కొన్నాళ్లు మూతి ముడుచుకుంది కూడా. కుట్టేవాళ్లు కూర్చోవాలి, కత్తిరించేవాళ్లు నిలబడాలి అనేది ఆయన శాసనం. కూర్చుంటే బట్టలో సగమే కనిపిస్తుంది, మిగతా సగం ఊహించుకోవాలి, ఊహించుకుని కత్తిరించినవాడు దుకాణం మూసుకోవాలి అనేవారు. అందుకే ఆ బల్ల అంత ఎత్తు, నా తుంటి దాకా వస్తుంది, దుకాణానికి వచ్చిన పిల్లలు దాని కింద దాక్కుని ఆడుకునేవాళ్లు. దాని ముందు నిలబడితే దుకాణం మొత్తం నాకు కనిపించేది, తలుపూ, వీధీ, వీధిలో పోయేవాళ్ల భుజాలూ. ఇప్పుడు నేను వెనక గదిలో గుండీల డబ్బాలు సర్దే ఉద్యోగం చేస్తున్నాను. రంగు రంగుకీ ఒక డబ్బా. సర్దడం అయిపోతే కలిపేసి మళ్లీ సర్దొచ్చు, అంత గొప్ప పని.

మొదలు ఇక్కడ కాదు, మెడ దగ్గర. నా మెడ కొలత నాకు కంఠతా వచ్చు, నా చొక్కాలు నేనే కత్తిరించుకుంటాను గనక. ఒక చలికాలం పై గుండీ పట్టలేదు. బట్ట ముడుచుకుందనుకున్నాను, కత్తిరించినదాన్ని నేనే గదా, బట్టనే అనుమానిస్తాను. టేపు వేసి చూసుకుంటే పెరిగింది మెడ. మింగితే అద్దంలో ఏదో పైకీ కిందికీ కదిలేది. అప్పటికే గొంతు బొంగురుపోయింది, జుట్టు దువ్వెనకి వచ్చేస్తోంది, కనుబొమల చివర్లు రాలిపోయాయి, ఎండాకాలంలో స్వెట్టరు వేసుకుంటే గిరాకీలు నన్ను చూసి చెమటలు తుడుచుకునేవాళ్లు. థైరాయిడ్ అన్నారు. పొద్దున్నే పరగడుపున చిన్న తెల్ల మాత్ర, అది వేసుకున్నాక కాఫీ వాసన వస్తున్నా ఓర్చుకుని గంటసేపు కూర్చోవడం. అంతేనా అనిపించింది. అంతే. కొన్ని వారాలకి ఎవరో నాలో దీపం వత్తి పైకి ఎగదోసినట్టయింది. ఆ కొద్ది నెలలే నాకు ఇప్పటికీ కలలోకి వస్తాయి. మెట్లు రెండేసి ఎక్కాను, బట్టల తానులు భుజాన వేసుకుని మోశాను, మా ఆయనతో రోజూ సాయంత్రం వంతెన దాకా నడిచి వెళ్లి అక్కడ పిట్టగోడ మీద కూర్చుని పోయే రైళ్లు చూసి, నడిచి వచ్చాను. నడిచి వచ్చాక కూడా కబుర్లు చెప్పడానికి మిగిలే ఓపిక! అది మామూలనుకున్నాను. దాన్ని కాస్త నెమ్మదిగా, కాస్త చూసుకుంటూ ఖర్చు పెట్టుకోవాల్సిందని ఎవరికి తెలుసు.

మళ్లీ దిగజారినప్పుడు ఈసారి తీరు వేరు. లావెక్కడం లేదు, తగ్గిపోతున్నాను. నడుం దగ్గర పట్టీలు లోపలికి తీసి కుట్టుకున్నాను, మళ్లీ తీసి కుట్టుకున్నాను. రంగు మారింది, ఎండలో తిరుగుతున్నావా అని అడిగేవాళ్లు, ఎండ మొహం చూడనిదాన్ని. పాత డాక్టరు థైరాయిడ్ మాత్ర పెంచాడు, పెంచినకొద్దీ ఇంకా కుంగిపోయాను. పరీక్ష చేస్తే కాగితం మీద అన్నీ సరిగ్గా ఉన్నాయి. అన్నీ సరిగ్గా ఉన్నాయమ్మా, కాస్త మనసు పెట్టండి, నలుగురిలో తిరగండి అన్నాడాయన. కాగితం మీద ఉన్నావిడ బాగుందట, మంచిదే, ఆవిడనే వెళ్లి దుకాణం తెరవమనండి అని ఇంటికొచ్చాక అనుకున్నాను. మాటలన్నీ నాకు ఇంటికొచ్చాకే తోస్తాయి. ఈ డాక్టరమ్మ మాత్రం ఈ టోపీ గ్రంథుల సంగతి తేలకుండా థైరాయిడ్ మాత్ర పెంచి ఉండకూడదని, ఒక్కోసారి శరీరం తన గ్రంథుల మీద తనే కత్తి కడుతుందని, ఒక గ్రంథి జబ్బు దొరికినచోట రెండోదీ వెతకాలని చెప్పింది. పక్కనే ఉన్న వదిన, గోరుచుట్టు మీద రోకటిపోటు అంది. నాకు మాత్రం ఆ రోకటిపోటు మీద ఎక్కడలేని ఆశ పుట్టింది.

తలుపు చప్పుడు. ముడత భుజం అమ్మాయి వచ్చింది. గొట్టం మూత తీసి రెండో సీసాలోకి రక్తం తీస్తుంటే, తెలుస్తుందా అమ్మా చూస్తే, అని అడిగాను. చూస్తే ఏం తెలుస్తుంది ఆంటీ, అందరి రక్తమూ ఒకేలా ఉంటుంది, రేపు సాయంత్రం చెప్తారు అంది. కళ్లు తిరుగుతున్నాయా అని అడిగింది. లేదన్నాను. నిజానికి తిరుగుతున్నాయి, కాని ఎక్కువ చెప్పుకునే మనిషినని ఈ పిల్ల కూడా అనుకుంటుందేమోనని ఒప్పుకోలేదు. ఏడాదిలో నేను నేర్చుకున్న తెలివి ఇది, రోగం ఉన్నట్టు రుజువు చేసుకోవడానికి ఆసుపత్రికి వచ్చి, అక్కడా ఏమీ లేనట్టు నటించడం. తలుపు ఓరగా ఉండగా బయటి బెంచీ కనిపించింది. వదిన ఒడిలో ఎవరిదో చొక్కా పెట్టుకుని గుండీ కాజాలు కుడుతోంది. ఆసుపత్రికి కూడా పని తెచ్చుకుంది, చేయి ఊరికే ఉంటే ఆమెకు దడ. నేనూ అలాంటిదాన్నే. అలాంటిదాన్నే అని ఎవరికైనా గుర్తుందా అని.

మా ఆయనకి గుర్తుంది. ఆయన లిఫ్టులు బాగుచేస్తారు, పెద్ద పెద్ద భవనాల్లో తాళ్లూ చక్రాలూ మోటార్లూ. ఏ భాగం పోయిందో తెలిస్తే చాలు, మిగతాది రెంచీ పని అంటారు. నా విషయంలో ఏ భాగం పోయిందో తెలియక, ఏదీ పోలేదు అనుకోవడానికి సిద్ధపడ్డారు. ఈ పొద్దున కూడా చెప్పులు వేసుకుంటూ, ఏమీ ఉండదులే, భయపడకు అన్నారు. ప్రేమగానే అన్నారు. ఆ మాట నన్ను ఎంత కోస్తుందో ఆయనకి తెలియదు. ఏమీ ఉండకపోతే నేనే గదా మిగిలేది, ఇలా, ఇదే నేనని తేలుతుంది గదా. పక్కన పడుకుని ఆయన చేయి నా మీద వేస్తే, ఒకప్పుడు నేను ఆ చేతి కోసం మెలకువగా ఉండేదాన్ని, ఇప్పుడు అదెంత బరువో అనుకుంటూ ఊపిరి లెక్కపెట్టుకుంటాను. ఆయన గ్రహించి మెల్లగా తీసేసుకుంటారు. తీసేశాక ఆ చోటు చల్లబడుతుంది, అప్పుడు మళ్లీ కావాలనిపిస్తుంది, అడగను. వంతెన దాకా వెళ్దామా అని ఆయన అడగడం మానేసి ఎన్నాళ్లయిందో. అడిగితే వెళ్లలేను, అడక్కపోతే ఉండలేను. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు అన్నట్టుంది నా ఒంటి వ్యవహారం.

కత్తెర కావాలి నాకు. ఇంత మనిషిని, ఇంత కోరికా దాని మీదే. కొత్త తాను విప్పి బల్ల మీద పరిస్తే దాని గంజి వాసన, అరచేత్తో నిమిరితే పోగు ఏ వైపు పోతుందో చేతికి తెలియడం, సుద్దతో గీత గీసేటప్పుడు ఊపిరి బిగబట్టడం. మొదటి గాటు వేసేముందు ఒక క్షణం ఉంటుంది. బట్ట ఇంకా బట్టే, ఇంకా ఏదైనా కావచ్చు. తర్వాత కత్తెర కింది మొన బల్లని ఆనించి, ఎత్తకుండా, భుజం నుంచి తోస్తూ పోవాలి, మణికట్టుతో కాదు, కాళ్లు నేల మీద కుదురుగా ఉంటే తుంటిలోంచి బలం వచ్చి భుజం దాకా పాకుతుంది, కర్ర్‌మని ఒకే చప్పుడు, మొదలు నుంచి చివరి దాకా ఆగకుండా. ఆ చప్పుడు వింటే వదిన మిషను ఆపేది. బాగా వచ్చింది అని చెప్పడానికి కాదు, ఆమె నోట ఆ మాట రాదు, ఊరికే వినడానికి. నాకు అది మళ్లీ కావాలి. బతుకంతా వద్దు, ఒక్క కోటు చాలు అని బేరమాడుతున్నాను, కాని అబద్ధం, ఒక కోటు ఇస్తే ఇంకోటి అడుగుతాను.

పోయినవారం వెనక గదిలో గుండీలు సర్దుతుంటే వదిన ఫోనులో మాట్లాడడం వినిపించింది. ఎవరో కటింగ్ మాస్టరు, వచ్చే నెల నుంచి రమ్మంటోంది. గొంతు తగ్గించే మాట్లాడింది పాపం, కాని నాకు ఒళ్లు పోయింది గాని చెవులు పోలేదు. ఆమె తప్పేముంది, ఎన్నాళ్లని ఆమె కుట్టుకుంటూ కత్తిరించుకుంటూ ఉంటుంది, ఆమె కత్తిరిస్తే చంకల దగ్గర బిగుస్తుంది, గిరాకీలు మొహమాటానికి ఊరుకుంటున్నారు. వచ్చే నెల లోపల నా రక్తం ఏదో ఒకటి చెప్పాలి. పలక్కండి, మీకు దణ్ణం పెడతాను, తట్టినా పలక్కండి. అప్పుడు డాక్టరమ్మ మాత్ర ఇస్తుంది, ఇవి చేయని పని మాత్ర చేస్తుంది, అది ఇక జీవితాంతం, వేసుకుంటాను, పరగడుపున ఒకటి, తిన్నాక ఒకటి, ఎన్నయినా. పలికాయనుకో, అంతా బాగుందమ్మా అంటారు. అందరూ సంతోషిస్తారు. ఆయన మిఠాయి కూడా తెస్తారేమో. నేను ఆ మిఠాయి తింటూ నవ్వాలి. ఆ మాస్టరెవరో నా బల్ల ముందు నిలబడి కత్తిరిస్తుంటే, ఏ జబ్బూ లేని ఆడది వెనక గదిలో కూర్చుని గుండీలు సర్దాలి.  

మూడో సీసా. ఆ అమ్మాయి గొట్టం తీసేసి దూది పెట్టి నొక్కింది, అయిపోయింది ఆంటీ, మెల్లగా లేవండి అంది. మెల్లగానే లేచాను. గోడ ఉంది, తలుపు ఉంది, తలుపు తర్వాత బెంచీ ఉంది. వదిన జరిగి చోటిచ్చింది. సంచీలోంచి బిస్కెట్లు తీసి, అడక్కుండానే ఉప్పు బిస్కెట్లు, నా ఒళ్లో పెట్టింది. ఒకటి కొరికాను. ఈమెతో ఇన్నేళ్లు ఒకే గదిలో పనిచేశాను, ఇంత మాట ఎప్పుడూ అడగలేదు.

"వదినా, నాకు ఏదో ఒకటి ఉందని తేలాలని కోరుకుంటున్నాను. తప్పంటారా?"

వదిన కాజా పూర్తిచేసి దారం కొరికింది. "తప్పేముంది. నేనూ అదే కోరుకుంటున్నా. పైకి అంటే బాగోదని ఊరుకున్నా."

 ఆమె చొక్కా మడతపెట్టడం మొదలుపెట్టింది, చేతులు చేతుల మీదికీ, కాలరు పైకీ. మడతపెడుతూనే, ఆ మాస్టర్ని రావద్దని చెప్పేశా అంది. ఎందుకన్నాను.

"వచ్చినా ఆ బల్ల వాడికి పనికిరాదు. నిన్న రాత్రి నువ్వు పడుకున్నాక తమ్ముడి చేత దాని కాళ్లు కోయించా. కుర్చీలో కూర్చుంటే సరిగ్గా నీ మోచేతికి వస్తుంది. రేపు ఆ పరీక్షలో ఏం వస్తే అది రానీ. నువ్వు నిలబడలేవు, నాకు కనిపిస్తూనే ఉంది కదా. ఇక కూర్చునే కత్తిరించు."

ఏడాదిగా నేను అడిగింది ఇదే. కాగితం చూడకుండా, పేరు అడక్కుండా, ఒక్క మనిషి నన్ను చూసి నమ్మడం. నమ్మింది. తండ్రి బల్ల కాళ్లు నరికించేంతగా నమ్మింది, ఇక నేను ఎప్పటికీ నిలబడనని నమ్మింది. కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి, ఆ ఎత్తు బల్ల కోసం, దాని ముందు రెండు కాళ్ల మీద నిలబడిన ఆ మనిషి కోసం, ఆవిడ మీద బెంగ పెట్టుకుని నేనిక్కడ కూర్చున్నాను. వదిన నేను సంతోషంతో ఏడుస్తున్నాననుకుంది. చాల్లే, జనం చూస్తున్నారు, అని కొంగుతో నా మొహం తుడిచింది. సంతోషం కూడా ఉంది, లేదనను. రెండూ ఒకే చోటినుంచి వస్తుంటే ఏది ఎంతో ఎవరు విడదీస్తారు. కొంగు పక్కకి తోసి అడిగాను.

"కోసిన ముక్కలు ఏం చేశారు?"

"ఏం చేస్తాం. పొయ్యిలోకి పనికొస్తాయి, అందులో పడేద్దామంటే తమ్ముడు పడేయనివ్వలేదు. బోల్టులు వేస్తే మళ్లీ ఎక్కుతాయట. గుడ్డలో చుట్టి వాడే అటక మీద పెట్టుకున్నాడు." వదిన నా మొహంలోకి చూసి ఆగింది. "ఏం, పడేయమంటావా?"

"వద్దు," అన్నాను. "నాలుగూ ఉంచండి."